బూటు కరిచిన ఊళ్ళో

నాష్‌విల్‌లో దిగిన సాయంత్రమే
పళ్ళ డాక్టర్ల సదస్సు బిళ్ళని మెడలోంచి తీసి
జేబులో కుక్కి
బ్రాడ్‌వే మీద బూట్లు కొన్నాను.
ఒక జత కొంటే రెండు జతలు ఊరికే ఇచ్చారు.
మనిషికి ఆరు కాళ్ళనుకునే వీధి అది.

మోకాలి కింది దాకా తోలు,
తోలు మీద కుట్టిన గులాబీలు,
నడిస్తే టక్కు టక్కు.
అద్దంలో చూసుకుని
ఇంక నేనూ ఈ ఊరిదాన్నే అనుకున్నాను.

బయటికొస్తే
వీధి వీధంతా అవే బూట్లు.
కాబోయే పెళ్ళికూతురూ ఆమె స్నేహితురాళ్ళూ
తొక్కితే కదిలే బారుబండి ఎక్కి
కేకలేస్తూ పోతున్నారు.
మూడంతస్తుల మేడలో అంతస్తుకో బ్యాండు,
మూడు పాటలూ మెట్ల మీద కొట్టుకు చస్తున్నాయి.
ఎవరిదో బీరు నా తెల్లచొక్కా మీద ఒలికింది.
అందరం ఈ ఊరివాళ్ళని చూడ్డానికొచ్చి
ఒకళ్ళనొకళ్ళం చూసుకుంటున్నాం.

మర్నాడు చొక్కా మూట కట్టుకుని బస్సెక్కాను.
డ్రైవరు పేరు ఓడెల్, జేబు మీద కుట్టి ఉంది.
మొహం చూడలేదు, నా కాళ్ళు చూశాడు.
"కరుస్తున్నాయా?"
అబద్ధమాడదామనుకున్నాను గానీ
అప్పటికే కుంటుతున్నాను.

ఈ ఊరివాళ్ళు ఏం తొడుక్కుంటారని అడిగాను.
"ఏది ఉంటే అది."
తూర్పు వైపు లాండ్రీ ఎక్కడంటే
"దాణా కొట్టు ఉండేది చూడు, అక్కడ దిగు.
పాత రికార్డుల షాపు కాలిపోయింది కదా,
దానికి ఎదురుగా."

కొట్టు లేదు. షాపు లేదు.
అద్దాల మేడలున్నాయి, వాటి నెత్తిన క్రేన్లున్నాయి.
ఈ ఊరి పటాన్ని
లేనివాటితో గీసుకున్నారు.

లాండ్రీలో ఇద్దరే ఉన్నారు.
ఆస్పత్రి నీలిబట్టల్లో ఇర్మా,
గిటారు పెట్టె అడ్డంగా పడుకోబెట్టి
దాని మీద తువ్వాళ్ళు మడత పెడుతున్న డెల్మార్.
"మీరు పాడతారా?" అన్నాను, ఉండబట్టలేక.
"ఇవాళ గోడలకి రంగులేస్తాను" అన్నాడు.
ఇర్మా తలెత్తకుండా అడిగింది:
"నిన్న రాత్రి?"
"పదకొండు మంది వచ్చారు.
ఇద్దరు విన్నారు."
"పోయినసారి కంటే నయం."
అంతే, ఇద్దరూ మళ్ళీ బట్టల్లో పడ్డారు.

బూట్లు లాగేశాను.
మేజోడు మడమకి అంటుకుని చర్మంతో పాటు వచ్చింది.
ఇర్మా ఏమీ అడగలేదు,
జేబులోంచి ఒక ప్లాస్టర్ తీసి
బల్ల మీద నా వైపు జరిపింది.

డ్రయ్యరులో ఎవరి చొక్కా గుండీయో
రేకుకి కొట్టుకుంటోంది, టక్.
కాసేపాగి, టక్ టక్.
డెల్మార్ తువ్వాళ్ళు ఆ దెబ్బకే మడత పడుతున్నాయి,
తనకి తెలుసో లేదో.
ఇర్మా గొంతులో ఏదో మొదలైంది,
నోరు తెరవకుండా,
ఎవరికోసమూ కాకుండా,
రాత్రి డ్యూటీ దిగిన మనిషి
ఇంటి దాకా తోడు తెచ్చుకునే పాటలాగా.
ఫోను తీయబోయిన చెయ్యి
దానంతటదే ఆగింది.
కొంతసేపటికి చూసుకుంటే
చల్లటి గచ్చు మీద నా ఉత్తకాలు
తాళం వేస్తోంది.
ఎవరూ నా వంక చూడలేదు.
ఈ ఊళ్ళో నాకు దొరికిన గౌరవం అదొక్కటే.

పక్క కొట్లో డాలరున్నర రబ్బరు చెప్పులు కొనుక్కుని
బూట్లు చేతికి వేలాడేసుకుని నడుస్తుంటే
ఒక జంట ఆపింది.
కొత్త టోపీలు, ఇంకా ధర చీటీ ఊడనివి.
"మీరిక్కడివాళ్ళేనా? బ్రాడ్‌వే ఎటండీ?"

తెలీదని చెప్పాల్సింది.
"దాణా కొట్టు ఉండేది చూడండి," అన్నాను,
"దాన్ని దాటి, నది వైపు."
తలలూపారు, ఎంతో అర్థమైనట్టు.
అటే వెళ్ళారు,
ఆయన ఎడమకాలు కాస్త ఈడుస్తూ.

హోటల్ గదిలో ఇంకా నాలుగు బూట్లు
నోళ్ళు తెరుచుకుని నించున్నాయి,
నేనెవరో తేల్చుకుని రమ్మన్నట్టు.